ముప్పై ఒక్క తీగలు

హలో పిన్ని చీపురు పట్టిందంటే ఇంట్లో మిగతా ఇద్దరూ కాళ్లు పైకి పెట్టుకోవలసిందే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లు బోర్డు రంధ్రాల్లో తీగలు గుచ్చి లైన్లు కలిపే ఆపరేటరుగా చేసింది కాబట్టి వీధి వీధంతా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆ పొద్దున మరీ విడ్డూరం. ఆరింటికే కిటికీ తెరలు ఉతికి ఆరేసి, కుర్చీల కాళ్లు కూడా తుడిచేసింది. సాయంత్రం నాలుగింటికి నాటకాల డైరెక్టరు ఇంటికి వస్తోంది మరి.

"ఆవిడ వచ్చేది వినడానికి. కుర్చీ కాళ్లు చూడ్డానికి కాదు," అన్నాడు భర్త. కళ్లద్దాల షాపు ఆయనది. ఆ రోజు షాపు మూసేసి మరీ ఇంట్లో కూర్చున్నాడు.

"మీ అద్దాలు మీరు తుడుచుకోండి. నా ఇల్లు నన్ను తుడుచుకోనివ్వండి."

డైరెక్టరు వినబోయేది వాళ్లమ్మాయి బుల్లి తయారుచేసిన గాలివాన. అది పుట్టేది ఆమె గదిలోని చెక్కపెట్టెలో. దాన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. మెట్లుండవు, మీటలుండవు. కొట్లో రెడీమేడ్‌గా దొరికేదీ కాదు. ధ్వని పుట్టించేది ఒకటి, వడగట్టేది ఒకటి, పెంచి తగ్గించేది ఒకటి, ఇలా ఒక్కో మాడ్యూలునీ ఏరికోరి తెచ్చుకుని, పెట్టెలో బిగించుకుని, వాటి రంధ్రాలను తీగలతో కలుపుకోవాలి. ఎలా కలిపితే అలా పలుకుతుంది. తీగ తీస్తే అంతా మర్చిపోతుంది.

బుల్లి నాలుగు నెలలు దాని మీదే కూర్చుంది. మిలమిలలాడే ఖరీదైన మాడ్యూలొకటి వాపసిచ్చేసి, హోరు తప్ప మరేమీ రాని బోసి మాడ్యూలు తెచ్చుకుంది. స్టేజి చీకట్లో వేళ్లకి తెలియాలని పెద్ద పెద్ద నాబులు వేసింది. ప్రేక్షకుల కళ్లల్లో వెలుగు పడకూడదని చిన్న చిన్న దీపాలన్నీ పీకేసి, అక్షరం ముక్క లేని నల్ల రేకులు తనే కోసి పైన బిగించింది. నాటకానికి ధ్వనులిచ్చే ఈ పని దొరక్కపోతే పెట్టె అమ్మేసి బాబాయి ఆఫీసులో చేరాలని తల్లి ముందే మాట తీసుకుంది. బుల్లి పంతానికి సరేనంది గానీ, ఆ పెట్టె లేని బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా ఆమెకి ధైర్యం లేదు.

ఆ పొద్దున తొమ్మిదింటికి బుల్లి అద్దెకి పెద్ద స్పీకరు తేవడానికి వెళ్లి, పదకొండింటికి ఆటో దిగింది. గదిలో అడుగుపెట్టగానే స్పీకరు చేతిలోంచి జారినంత పనైంది. పెట్టె నున్నగా, బోడిగా మెరుస్తోంది. తీగలన్నీ రంగుల వారీగా చుట్టలు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి బుట్టలో సర్ది ఉన్నాయి.

"ఏం చేశావమ్మా!"

"శుభ్రం చేశాను. నాబులు కూడా తలో దిక్కు చూస్తుంటే అన్నీ నిటారుగా పెట్టాను," అంది తల్లి, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

"నా గాలివాన ఉన్నదే ఆ తీగల్లో! ఎవరు తియ్యమన్నారు?"

తల్లి ముఖం పాలిపోయింది. "ఒక్క దీపమూ వెలగట్లేదు కదే. పెట్టె పనిలో లేదనుకున్నాను. లైన్లో మాటలు అయిపోయాయంటే, అప్పుడు తీగ తియ్యాలి. మేం అలాగే..."

"ఇదేం ఎక్స్ఛేంజి కాదు!"

"పోనీ ఫోటో ఏదైనా తీసుకున్నావా?" అన్నాడు తండ్రి మెల్లగా.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు బుల్లి ఆయన మీద విరుచుకుపడింది. "పది రోజుల నాటిది ఉంది! ఆ తర్వాత సగం మార్చాను! మీ ఇద్దరికీ ఇది ఆటబొమ్మ!" అని, మళ్లీ తల్లి వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్లూ తీగలు పీకడమేగా నువ్వు చేసింది! అదొక్కటే వచ్చు నీకు!"



"పీకడం కాదు బుల్లీ. కలపడం," అని తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తండ్రి కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేవమ్మా. మా నాన్న వేరే ఊళ్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు లైను దొరక్క నేను ఏడుస్తుంటే, డ్యూటీ అయిపోయినా లేవకుండా కూర్చుని కలిపింది మీ అమ్మ. అప్పటికి ఆవిడ ముఖం కూడా నాకు తెలీదు. మా నాన్న చివరిసారి మాట్లాడింది ఆ లైన్లోనే."

బుల్లి నేల మీద కూలబడి ఏడ్చింది. తీగల కోసం కొంత, అన్న మాట కోసం కొంత.

కాసేపటికి తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టె ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. వీపు నిటారుగా ఉంది. బుట్టలోంచి పసుపు తీగ తీసి, "పై వరుస, ఎడమ నుంచి మూడో రంధ్రం. అక్కణ్ణుంచి కింది వరుస తొమ్మిదికి," అని గుచ్చింది. "నీలం. పై వరుస ఐదు, కింద రెండు."

బుల్లి ఏడుపు మానేసి చూసింది. "నీకెలా గుర్తుంది?"

"తీగ తీశాక బిల్లు కోసం టికెట్ రాయాలి కదా. ఎవరి నంబరు, ఎవరితో, ఎంతసేపు అని. రాసేలోపు మర్చిపోతే మా సూపర్‌వైజరు ఊరుకునేదా? తీగ తీస్తే నంబరు దానంతట అదే నోట్లోకి వస్తుంది. ఇందాక గొణుక్కుంటూనే తీశాను. ఎరుపు అందుకో."

ముప్పై ఒక్క తీగలు. ముప్పయ్యో దాని దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది. "ఇది కింద పదకొండా, పన్నెండా..." అని కళ్లు మూసుకుని, "పన్నెండు," అంది. బుల్లి స్విచ్ వేసింది. స్పీకర్లోంచి ఏదో వచ్చింది గానీ, అది గాలివాన కాదు, రేకుల షెడ్డు మీద కంకర పోసిన మోత.

"నాబులు నాకు తెలీదు. మా బోర్డులో నాబులుండేవి కావు," అంది తల్లి నేరం ఒప్పుకుంటున్నట్టుగా. "నువ్వు తిప్పు. నేను చెప్తాను."

"నువ్వేం చెప్తావమ్మా?"

"వాన బాగా దగ్గరికొచ్చేసింది. నీది వీధి చివర మొదలయ్యేది. గాలి దానికంటే ముందొచ్చేది. రాత్రి నువ్వు ఉరుము తగ్గించావు, అదే బాగుంది."

బుల్లి చెయ్యి నాబు మీదే ఆగిపోయింది. "నువ్వు వినేదానివా?"

"నాలుగు నెలలుగా గోడకి అవతల నేను కాక ఎవరున్నారే?" తల్లి కిందపడ్డ రబ్బరు బ్యాండ్లు ఏరసాగింది. "కలిపిన లైను వినకూడదని మాకు రూలు. ఇన్నేళ్లలో ఒక్కరి మాటా వినలేదు. నీదొక్కటే విన్నాను. బాగుందని చెప్తే మాటిచ్చిన ఉద్యోగం మానేస్తావేమోనని నోరు మూసుకున్నాను. తప్పు నాదే."

బుల్లి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. "ఇందాక అలా అనకుండా ఉండాల్సింది అమ్మా."

"సరేలే, ముందు ఆ వాన దూరంగా జరుపు. రెండయింది."

డైరెక్టరు నాలుగింటికి వచ్చింది. కాఫీ తాగుతూ వినడం మొదలుపెట్టి, చల్లారిపోయిన కప్పు చేత్తో పట్టుకుని ముగించింది. "సోమవారం నుంచి రిహార్సల్స్. ఈ పెట్టె తీసుకుని నువ్వే రావాలి. ఇన్ని తీగలు ఎలా గుర్తుపెట్టుకుంటావమ్మాయ్?" అని అడిగింది.

"మా అమ్మని అడగండి. టెలిఫోన్ ఆపరేటరు," అంది బుల్లి. ఆ మాట అంత దర్జాగా ఆ ఇంట్లో ఇదివరకెవరూ అనలేదు.

డైరెక్టరు వెళ్లగానే తల్లి ఫోను తీసి, ఒకప్పుడు తన పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలి నంబరు నొక్కింది. "హలో, నేనే. మా అమ్మాయి గాలివాన చేసింది. అవునే, మా బుల్లే! ఇదిగో, లైన్లో ఉండు," అని ఫోను స్పీకరు దగ్గర పెట్టి కూతురి వైపు చెయ్యి ఊపింది.

"ఊఁ, కానీ!"