మడత విప్పిన అమ్మమ్మ

పొద్దున్నించీ మంగతాయి వంశాలు మడతపెడుతూనే ఉంది. గాజుబిళ్ల మీద నెత్తుటి చుక్క పడగానే వేరుచూపు యంత్రం రంగురంగుల పోగులు విప్పి చూపిస్తుంది. పదో వంతుకు తక్కువైన పోగుల్ని పెద్ద పోగులోకి మడిచెయ్యడం ఆమె ఉద్యోగం. కేప్‌టౌన్‌లో ఏకమూలం అని తేలిన ఇంటికే నామధార హక్కు, అంటే తమ ఆచారం ప్రకారం బిడ్డకు పేరు పెట్టుకోవచ్చు. తేలకపోతే యంత్రమే పెడుతుంది. దాని అభిరుచి ఏం చెప్పను! కిందటి వారం ఒక పసిదానికి ‘ఉత్తర-ఏడు’ అని పెట్టింది.

టానీ హెస్టర్ అన్నం డబ్బాతో సహా వచ్చి కూర్చుంది. అక్కడ పెద్దావిడ ఎవరైనా టానీయే.

“అమ్మాయ్, ఆదివారం నా మనవరాలికి బాప్తిస్మం. తొలి ఆడపిల్లకి తల్లి తల్లి పేరు పెట్టాలి, అది మా ఆఫ్రికానర్ల ఆచారం. నాదీ మా అమ్మమ్మ పేరే. నాకు కూతురు పుట్టిన నాటినుంచీ ఈ రోజు కోసం చూస్తున్నా. మాది అచ్చమైన హాలండు రక్తం, నువ్వు చూసేదేముంది!”

ఆవిడ నెత్తుటి చుక్క బిళ్ల మీద పడ్డాక చూడబోతే చాలానే ఉంది. ఒక జర్మన్ సిపాయి, ఒక ఫ్రెంచి ద్రాక్షతోట కుటుంబం. మంగతాయి చకచకా మడిచేసింది. చివరి పోగు దగ్గర ఆమె వేలు ఆగింది. అది తల్లినుంచి బిడ్డకు మాత్రమే దిగే పోగు, సన్నదే అయినా ఎన్ని తరాలకీ తెగదు. అది మొదలైంది కోరమండల్ తీరాన.

“టానీ, మీ మొదటి అమ్మమ్మ మా వైపు మనిషి. మా బందరులో డచ్చివాళ్లుండిన పేటని ఇప్పటికీ వలందపాలెం అంటారు. ఆ రోజుల్లో వాళ్ల ఓడలు ఆ తీరం నుంచి ఆడపిల్లల్ని బానిసలుగా ఇక్కడికి తెచ్చేవి.”

హెస్టర్ ముఖం పాలిపోయింది. డబ్బా మూత తీసి చూసింది. కిస్‌మిస్‌లు వేసిన పసుపన్నం, పక్కన మామిడికాయ అచారు.

“అయితే ఇది హాలండు వంట కాదా?”

“అయ్యో రామ! హాలండులో పసుపెక్కడ పండుతుంది టానీ?”

హెస్టర్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. “మా అమ్మ పోయేదాకా అలాగే చెప్పింది!” నవ్వు ఆగినా కన్నీళ్లు ఆగలేదు. “పాపం, ఎంత చిన్నపిల్లో! ఈ పరాయి గడ్డ మీద మమ్మల్ని కని, ఇంత అన్నం వండి పెట్టింది. ఆవిణ్ణా మడిచెయ్యడం?”

“మడిస్తేనే పాపకి మీ పేరు. లేకపోతే హక్కు పోతుంది.”

“మడవకు.”

ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుని మంగతాయి మడత మీట మీంచి వేలు తీసేసింది. యంత్రం వెంటనే పలికింది.

“మిశ్రమమూలం. నామధార రద్దు. శిశువు పేరు: దక్షిణ-నాలుగు.”

“నీ మొహం! పాప పేరు హెస్టర్,” అంది టానీ.

“పేరు పెట్టే అధికారం మీకు ఎవరిచ్చారు?”

“ఒకరివ్వడమేమిటి? అమ్మమ్మని!” హెస్టర్ గొంతు హాలంతా మోగింది.

ఏకమూలం ముద్ర కోసం వరుసలో కూర్చున్న ముసలాయన ఒకడు కర్ర పట్టుకుని లేచాడు.

“అమ్మాయ్, ఇందాక నాదీ ఏదో మడిచావు కదూ? విప్పు. ఎవరున్నారో పలకరించి పోతా.”