జానెడు తేడా

ద్వారబంధం గోడలో పట్టలేదు. దస్తగిరి మేస్త్రి ఒకసారి భుజంతో తోశాడు, రెండోసారి అల్లాను తలచుకుని తోశాడు. ఊహూఁ. జానెడు తేడా!

"ఏం చారీ, ఏనుగుకు చేసినావా బంధం?"

వడ్రంగి వీరాచారి మండిపడ్డాడు. "ప్లాన్‌లో ఉన్నట్టే చేసినా. కన్ను మసకైతే తాపీ కింద పెట్టు మేస్త్రీ! రేపట్నుంచి నా దారి నాది."

పద్దెనిమిదేళ్లుగా ఒకే క్యారియర్‌లో తిన్న మనిషి అన్న మాట అది. ఇద్దరూ కలిసి నలభై ఇళ్లు కట్టారు, ఎన్నడూ వెంట్రుకవాసి తేడా రాలేదు. దస్తగిరికి ఏమీ పాలుపోలేదు.

ఆ కాలంలో టేపు పట్టే మేస్త్రి లేడు. కంట్లో చూపుపొర పెట్టుకుంటే ఇంటి ప్లాన్ వెబ్ పేజీలా నేలమీద పరుచుకుంటుంది. గీత వెంబడి ఇటుక పేర్చుకుంటూ పోవడమే. దస్తగిరిది పాత పొర. చారి పోయిన నెలే కొత్తది వేయించుకున్నాడు.

పొరల కంపెనీ నుంచి వర్ధని అనే ఇంజినీరు వచ్చింది. ఇద్దరి కళ్లలోకీ టార్చి వేసి చూసి నవ్వింది.

"తప్పు మీ ఇద్దరిదీ కాదన్నా. పేజీలో ఏది ఎంత వెడల్పుండాలో చెప్పేది సీఎస్ఎస్. గుమ్మం మూడడుగులని అది చెప్తే, నీ పాత పొరలోని బ్రౌజర్ చెక్క మందంతో కలిపి మూడు అనుకుంటుంది. కొత్తదేమో లోపలి ఖాళీయే మూడు, చెక్క అదనం అనుకుంటుంది."

"చెక్కతో కలిపే కదమ్మా ఎవరైనా కొలిచేది!"

"న్యాయమే. కానీ వెబ్ నియమాలు రాసే పెద్దలంతా కూర్చుని కొత్త లెక్కే ఒప్పని తీర్మానించారు."

"నేను లేనప్పుడా?"

పాత పొరకు మాత్రమే కనబడేలా వర్ధని సీఎస్ఎస్‌లో ఒక్క లైను రాసింది. దస్తగిరి కళ్లముందే గీతలు జానెడు పక్కకు జరిగాయి. గోడ కొట్టి మళ్లీ కట్టాడు. బంధం అత్తారింట్లో అల్లుడిలా దర్జాగా కూర్చుంది. చారి తప్పయిందని అనలేదు. అన్నాల దగ్గర గోంగూర గిన్నె మాత్రం ముందు మేస్త్రి వైపు జరిపాడు.

మరుసటి నెల, ఇంకో ఇల్లు. ఈసారి బంధం ఖాళీలోంచి అవతలికి పడింది. జానెడు చిన్నది!

వర్ధని ఫోన్‌లో నీళ్లు నమిలింది. "చారన్న పొర పోయిన వారం తనంతట తనే అప్‌డేట్ అయింది. చెక్కతో కలిపి కొలవడమే సహజమని పెద్దలు మళ్లీ తీర్మానించారు."

"అంటే నాదే ఒప్పా?"

"అప్పుడు నీదే ఒప్పన్నా. ఇప్పుడు నేను రాసిన లైను తప్పు. తీసేస్తా."

"మళ్లీ మారితే?"



దస్తగిరి పొర తీసి డబ్బాలో పడేశాడు. చారీ తీశాడు. ఎక్కడి నుంచో పాత టేపు తెచ్చాడు. యాభై దాటిన కళ్లు. అంకెలు చీమల్లా పాకాయే గానీ ఒక్కటీ కుదురుగా నిలవలేదు.

"పోనీ, జానలతో కొలుద్దాం," అన్నాడు చారి, గోడమీద చెయ్యి పరుస్తూ.

దస్తగిరి పక్కనే తన చెయ్యి పరిచాడు. అది వేలెడు పెద్దది.

ఇద్దరూ చేతులకేసి చూశారు.

"తీర్మానం చెయ్యాల," అన్నాడు చారి.

"ఈసారి నేను ఉన్నప్పుడే," అన్నాడు దస్తగిరి, చెయ్యి తీయకుండా.