గురువారం గేటు

నది వంపులో ఉన్న పాత బాలికల హోమ్‌కి పక్క గేటు ఒకటుంది. దాని పేరు మంచిది కాదు. చీకటి పడ్డాక గొర్రెల లారీ డ్రైవర్లు కూడా అక్కడ బండి ఆపరు. హోమ్ మూతబడి ముప్ఫై ఏళ్లయినా, గురువారం పొద్దుగూకాక ఆ గేటు కడ్డీలు గడగడమంటాయి... ఎవరో రెండు చేతులతో పట్టుకుని ఊపినట్టు.

ఊళ్లో తెల్లవాళ్లు గాలి అన్నారు. లోపల పెరిగిన మా ఆదివాసీ ఆడపిల్లలు మాత్రం నోరెత్తలేదు. వాళ్లకి తెలుసు.

వెర్నాకి మరీ తెలుసు. నాలుగేళ్లప్పుడు సర్కారు కారొచ్చి, వాడలో ఆడుకుంటున్న పిల్లని ఎత్తుకెళ్లి ఆ హోమ్‌లో పడేసింది. పేరు తీసేసి ముప్ఫై ఎనిమిదో నంబరు అన్నారు. గురువారం గేటు కదలగానే హోమ్ పెత్తనం చేసే మేట్రన్ దీపం తగ్గించి, మంచాల మధ్య నడుస్తూ గుసగుసలాడేది—

"గేటుదెయ్యం వచ్చింది. ఏడ్చేవాళ్లని పట్టుకుపోతుంది. ముసుగుతన్ని పడుకోండి. కిటికీ వైపు చూశారో... అంతే."

వెర్నా ముసుగుతన్నేది. చెవులు మూసుకునేది. పక్క మంచం మీది ఐవీ—ఆమెకన్నా అయిదేళ్లు పెద్దది—దుప్పటి కిందనుంచి చెయ్యి చాపి పట్టుకునేది.

అరవయ్యో ఏట వెర్నా తన ఫైలు కోసం అర్జీ పెట్టుకుంది. అడగాల్సింది ఒక్కటే. అమ్మ తనని వెతికిందా, లేదా? అది తెలియకుండా చావడం ఆమెకి ఇష్టం లేదు.

పన్నెండు నెలలు తిప్పించుకుని ఫైలిచ్చారు. తల్లి పేరున్న చోటల్లా నల్ల సిరా పూసి ఉంది. చివర మేట్రన్ రాత—'తల్లికి బిడ్డ మీద ఆసక్తి లేదు. ఒక్కసారి కూడా విచారించలేదు.'

"ఈ నలుపేంటి బాబూ?" అంది వెర్నా.

"మూడో వ్యక్తి వివరాలండీ. బయటపెట్టకూడదు," అన్నాడు గుమాస్తా.

"నా తల్లి నాకు మూడో మనిషా?"

పాపం, రూలు అతను రాసింది కాదు. రాసినవాళ్లు హాయిగా పింఛను తిని పోయారు.

తోడొచ్చిన ఐవీ ఊరుకునే రకం కాదు. హోమ్ తాలూకు కాగితం ముక్క ఏదున్నా తెమ్మని కూర్చుంది. గుమాస్తా వెతికి వెతికి ఒక చిరుగుల పుస్తకం తెచ్చాడు. గేటు పుస్తకం. అది భవనం మరమ్మతుల పెట్టెలో ఉందట. అందులో మనుషులు ఉంటారని ఏ దొరకీ తట్టలేదు, అందుకే సిరా పూయలేదు.

వెర్నా వేలు పెట్టి చదివింది.

'గురువారం. ముప్ఫై ఎనిమిది తల్లి పక్క గేటు దగ్గర. ఆ బిడ్డ ఇక్కడ లేదని పంపేశాను.'

'గురువారం. మళ్లీ అదే ఆడమనిషి. కడ్డీలు ఊపి అరిచింది. లేదన్నాను.'

'గురువారం. అదే మనిషి. కిటికీల్లోంచి చూడకుండా పిల్లలకి దెయ్యమని చెప్పాను. బాగా పనిచేస్తోంది.'

నాలుగేళ్ల గురువారాలు. అదే మేట్రన్, అదే చేతిరాత.

వెర్నా వేలు ఆగిపోయింది. "అమ్మ వచ్చిందే ఐవీ... నేను ముసుగుతన్నాను."

"నువ్వు కాదే. ఆ మేట్రన్ ముండ నీతో ముసుగుతన్నించింది."

వెర్నా తల్లి పేరు కూడా ఉంది ఆ పుస్తకంలో. నేనిక్కడ చెప్పను. పోయినవాళ్ల పేరు మావాళ్లు పలకరు. గౌరవంతో పలక్కపోవడం వేరు, సిరా పూయడం వేరు. ఆ తేడా సిరా పూసేవాళ్లకెప్పుడు తెలిసింది కనక.

ఆఖరి పేజీ ఐవీ చదివింది. 'ముప్ఫై ఎనిమిది తల్లి నిమోనియాతో చనిపోయిందని పోలీసు కబురు. ఇక ఈ గేటు బాధ లేదు. గొలుసు వేయించాను.'

ఐవీ తారీఖు చూసింది. వేళ్ల మీద ఏదో లెక్కేసింది.

"అప్పటికి నీకు ఎనిమిదేళ్లు... నేను హోమ్ వదిలేనాటికి నీకు పదేళ్లు. నేను వెళ్లే ముందు గురువారం కూడా గేటు మోగిందే. నీ చెయ్యి నా చేతిలోనే ఉంది."

ఆ రోజు బుధవారం.

మర్నాడు పొద్దుగూకే వేళకి హోమ్ ఆవరణలో, పక్క గేటుకి ఇవతల ఉన్నారు. ఎముకలు కొరికే చలి, ఆకు కదలడం లేదు. గేటుకి తుప్పు గొలుసు.

"పోయిన మనవాళ్లున్న చోటికి చీకట్లో వస్తే, ఎవరి బిడ్డవో చెప్పి మరీ అడుగెయ్యాలి," గొణిగింది ఐవీ. "పేరొద్దు. ఆమెకి తెలుసు."

గడగడ...

ఐవీ వెర్నా భుజం పట్టుకుంది. గొలుసు ఊగుతోంది. అవతల ఖాళీ రోడ్డు.

వెర్నా ముసుగు వేసుకోలేదు. నడిచింది.

"అమ్మా... నేను నీ బిడ్డని. ఇక్కడే ఉన్నాను. అన్నేళ్లూ ఇక్కడే ఉన్నాను. నేను లేనని నీకు చెప్పింది ఆ దొంగముండ."

గొలుసు ఆగింది.

వెర్నా చేతులు చాచి కడ్డీలు పట్టుకుంది. ఒకటి, పక్కది, దాని పక్కది... మంచుముక్కల్లా ఉన్నాయి, వేళ్లు అంటుకుపోతున్నాయి. రొమ్ము ఎత్తున, మధ్యలో, రెండు కడ్డీలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.