పరుపుల ఒర్రె

చేవెళ్ల నుంచి ఆలూరుకు పోయే దారిలో ఒక చిన్న వాగు ఉంది, ఇక్కడ ఒర్రె అంటారు. వానాకాలంలో కూడా అందులో మోకాలి లోతు నీళ్లుండవు. అయినా పొద్దుగూకాక అటు పోవాలంటే, పెద్ద మొనగాళ్లమని చెప్పుకునేవాళ్లు కూడా తోడు ఎవరొస్తారా అని చూస్తారు. దానికి పరుపుల ఒర్రె అని పేరు.

చుట్టుపక్కల ఎవరు చనిపోయినా, ఆ మనిషి చివరిదాకా పడుకున్న పరుపు, దిండు, దుప్పటి తెచ్చి అందులో పడేస్తారు. ఇంట్లో ఉంచుకోకూడదని పట్టింపు. చర్చికి పోయేవాళ్లకు ఇట్లాంటి పట్టింపులేమిటని పాస్టరు గారు అంటారు. వాళ్లు బుద్ధిగా తలూపుతారు. మర్నాడు వాళ్లూ తెచ్చి పడేస్తారు.

దిండ్లు పడినచోటే కుళ్లుతాయి. దుప్పట్లు తుమ్మకంపకు పట్టుకుని పీలికలవుతాయి. పరుపులు మాత్రం... తెల్లారేసరికి ఉండవు.

చచ్చినవాళ్లే వచ్చి తీసుకుపోతారట. మట్టిలో నిద్రపట్టక లేచి వచ్చి, ఎవరి పరుపు వాళ్లు మోసుకుపోతారట. ఆలూరులో హన్మయ్య అనే ఆయన కళ్లారా చూశానంటాడు. తలకాయ లేదు — భుజాల పైనుంచి తెల్లగా, ఇంత వెడల్పున... అంతే, మూడు రోజులు జ్వరంతో లేవలేదు. ఆ రాత్రి కల్లు ఎక్కువైందని వాళ్లావిడ అంటుంది గానీ, ఆమె మాట ఎవరు వింటారు!

సరే. ఆ ఒర్రె దగ్గర సాముయేలుకు ఏం జరిగిందో విన్నది విన్నట్టు చెబుతాను.

సాముయేలుది ఆలూరే. ట్రాలీ ఆటో నడుపుతాడు. మంచి మనిషి. కానీ సగం ధర అనే మాట చెవిన పడిందా, ఒళ్లు తెలియదు. ఆయన కూతురు లిదియా కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉంది. ఆపరేషన్ అయిన పిల్ల, కింద పడుకుంటే పొద్దున నడుం లేవడం లేదు. ఐదో నెల బిడ్డేమో బోర్లాపడి చాప దాటి బండల మీదికి పోతోంది.

"ఒక మంచం, మంచి పరుపు తేవయ్యా" అని భార్య సారమ్మ పోరింది. "వచ్చే నెల అత్తగారింటికి పోతది. అప్పటిదాకనన్న తల్లీబిడ్డ సుఖంగ పండని."

షాపుకు పోతే పోయేది. పోలేదు. ఫోన్‌లో వెతికి, మొయినాబాద్ దాటాక చిల్కూరు వైపు ఒక ఫామ్‌హౌస్‌లో బెడ్‌రూమ్ సామాను అమ్ముతున్నారని పట్టుకున్నాడు.

గేటు తీసిన ఆయన పేరు ప్రేమ్ కుమార్. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. గదిలో అడుగుపెడితే మల్లెపూల సెంటు గుప్పుమంది. టేకు మంచం, దాని మీద బంతిపూల డిజైను పరుపు.

"ఏడాది కూడ వాడలే అన్న. మా ఆవిడకు పూణె ట్రాన్స్‌ఫర్ అయింది... లేకుంటే ఇంత ఇష్టంగ కొన్నది ఎవరమ్ముకుంటరు?"

ఆయన భార్య ప్రవళిక పక్కనే నిలబడి పరుపును ఒకసారి నిమిరి, కళ్లు తుడుచుకుంది. సాముయేలు మనసు కరిగింది. కరిగినా బేరం మాత్రం ఆపలేదు. సగం కన్నా తక్కువకే ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు.

అది జరిగిన నాలుగో రోజు.

చేవెళ్లలో సిమెంటు దించి సాముయేలు తిరిగొస్తున్నాడు. తొమ్మిది దాటింది. ఒర్రె దగ్గర దారికి అడ్డంగా ఏదో పడి ఉంది. బ్రేకు వేశాడు.

దిండు.

ఎవరిదో చూడగానే తెలిసింది. ఊళ్లో రాములమ్మ అనే ముసలామె ఆ పొద్దున్నే పోయింది. రెండు నెలలు మంచాన పడి, వీపంతా పుండ్లయి, చీము కారి కారి పోయింది. ఆమె పడకను కొడుకులు ముక్కుకు తువ్వాలలు కట్టుకుని తెచ్చి పడేయడం ఆయన మధ్యాహ్నం పోతూ పోతూ చూశాడు. ఇప్పుడు ఆ దిండు మీద నుంచి చక్రం పోనివ్వడానికి కూడా మనసొప్పలేదు. కిందికి దిగి, చెప్పు కొసతో పక్కకు తోశాడు. మెత్తగా, తడిగా తగిలింది.

అప్పుడు వినబడింది.

కిందినుంచి... చర్... చర్... బరువైనదేదో కంపను రాసుకుంటూ వస్తున్న చప్పుడు.

సాముయేలు కదల్లేదు. ఒర్రె గట్టు మీద ముందు తెల్లటి అంచు కనబడింది. తర్వాత ఇంత వెడల్పున తెల్లగా... దాని కింద భుజాలు. తలకాయ లేదు. హన్మయ్య చెప్పింది చెప్పినట్టు.

"తండ్రీ..." అని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

అది గట్టెక్కి నిలబడింది. ఆయాసపడింది. దానితోపాటే వాసన వచ్చింది — పుండు వాసన, ఉచ్చ వాసన, వాటి మీద జల్లిన పౌడరు వాసన. ఇంతలో ఉన్నట్టుండి దాని గుండెల దగ్గర నీలంగా ఒక వెలుగు వెలిగింది. గుర్రు గుర్రుమని అదిరింది.

పై ప్రాణాలు పైనే పోయాయి అనుకున్నాడు సాముయేలు.

ఆ వెలుగును ఒక చెయ్యి బయటికి తీసింది.

"హలో... ఆ, ఉన్నది మేడం. ఏడాది కూడ వాడలే... మా ఆవిడకు పూణె ట్రాన్స్‌ఫర్ అయింది మేడం..."

భయం ఎటు పోయిందో పోయింది. అది దెయ్యమైనా బాగుండేదని సాముయేలుకు అనిపించింది. నిజంగా అనిపించింది. దెయ్యమైతే మనిషిని భయపెట్టి ఊరుకుంటుంది. వీడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాములమ్మ చీమును మడతపెట్టి నెత్తిన పెట్టుకుని, దాన్ని ఎవరో ఆడమనిషికి అమ్ముతున్నాడు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లుంటారని వినడమే గానీ, ఎదురుగా చూడటం ఆయనకు అదే మొదలు.

"ప్రేమ్ కుమార్ సార్..." అన్నాడు.

పరుపు దిగింది. కింద నుంచి ఆ నెమ్మది మొహం బయటపడింది. చెమట కారుతోంది. ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వింది.

"అరె, ట్రాలీ అన్న... మెల్లగ, మెల్లగ మాట్లాడు. మంచం బాగున్నదా?"

"మా ఇంట్లది... అది గిట ఈడిదేనా?"

"మంచం కాదన్న, ఒట్టు. మంచం కిరాయి ఇల్లు ఖాళీ చేసినోళ్లది."

"పరుపు?"

ప్రేమ్ కుమార్ గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్లు చికిలించాడు. సిగ్గు లేదు. చేసిన పని నాణ్యత చెప్పేవాడి మొహం.

"బంతిపూలదే కదా? అది రెండు ముక్కలన్న, జోడించి కుట్టినం. ఒకటి షుగర్ పేషెంట్‌ది, కాలు కుళ్లి పోయిండు. ఆ కాడికి కోసి తీసేసి వేరే దూది పెట్టినం. రెండోది..." ఆగాడు. "రెండోది యాదికొస్తలేదు. మూడు రోజులు ఎండల పెట్టినం. కవరైతే కొత్తదే అన్న, ఫికర్ చెయ్యకు."

సాముయేలు ట్రాలీ చక్రం పట్టుకుని అక్కడే కక్కుకున్నాడు. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతి ఆగలేదు. నోరు తుడుచుకోకుండానే ఇంటికి ఫోన్ చేశాడు.

"బిడ్డను తియ్యి" అన్నాడు. "ఆ పరుపు మీదికెల్లి లిదియాను లేపు, బిడ్డను తియ్యి..."

"గట్ల అరవకయ్యా" సారమ్మ గొంతు గుసగుసగా వచ్చింది. ఆ గొంతులో నవ్వుంది. "లిదియా ఇప్పుడే పన్నది. ఇన్నాళ్లకు నడుం నొప్పి లేదన్నది పిల్ల. చిన్నదే లేసి ఉన్నది, ఏడుస్తలేదు. పండ్లొస్తున్నయేమో... బోర్లాపడి, దుప్పటి జరిపి, అరగంట సంది పరుపు అంచు నోట్లె పెట్టుకొని చప్పరిస్తున్నది."