రాతిపాలెం చర్చికి తొలిరాయి

గాలికొండ రాజ్యంలో రాతిపాలెం అనే ఊరుండేది. ఆ ఊరి చివర, ఎంత పాతదో ఎవరికీ తెలియని రాతి చర్చి ఒకటి ఉండేది. ఒక శనివారం ఉదయం రూతమ్మ లోపల ఊడుస్తుండగా దాని తలుపులు వాటంతట అవే మూసుకుపోయాయి. కిటికీలు గోడల్లో కలిసి రాళ్లయిపోయాయి. అప్పుడు తలుపు మనిషిలా మాట్లాడింది.

“నాకు తొలిరాయి పెట్టిందెవరు? నిజం చెబితే తెరుచుకుంటాను. తప్పు చెబితే భూమిలోకి దిగిపోతాను.”

ఇంత చిన్న ప్రశ్నా అని ఊరంతా నవ్వుకుంది. బిషప్పు గారు పల్లకీలో వచ్చి మొదటి పాదిరిగారి పేరు చెప్పారు. చర్చి మోకాలిలోతు కుంగింది. దివాను రాణిగారి ముత్తాత పేరు చెప్పాడు. నడుములోతు కుంగింది. రాళ్ల మేస్త్రి తన తాత నాగన్న పేరు చెప్పాడు. ఈసారి తలుపు పైఅంచు మాత్రమే నేలమీద మిగిలింది. ఇంకొక్క తప్పు మాట పడితే కప్పు కూడా కనిపించదు. రాణి చిత్రాంబ బెదిరిపోయి, ఇక ఎవరూ నోరెత్తరాదని చాటింపు వేయించింది.

రూతమ్మ కూతురు సలోమికి పన్నెండేళ్లు. ముగ్గురు పెద్దవాళ్లు మూడు పేర్లు అంత గట్టిగా ఎలా చెప్పారో ఆ పిల్లకు అర్థం కాలేదు. చర్చి రాళ్లు నల్లకొండ నుంచి వచ్చాయని మాత్రం వినికిడి. తలుపు సందులోంచి తల్లికి గంజి అందించే పని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, అడవిదారి పట్టింది.

మధ్యాహ్నానికి ఒక వాగు అడ్డం వచ్చింది. ఒడ్డున ఎడ్లబండి అంత తాబేలు పడుకుని ఉంది.

“దాటిస్తాను గానీ, ఎవరికీ చెప్పని నిజమొకటి చెప్పాల. అబద్ధాలకోరులు నా వీపు మీద నిలవరు” అంది తాబేలు.

సలోమి కాలివేళ్లు చూసుకుంటూ చెప్పింది. “ఆ రోజు ఊడ్చే వంతు నాది, తాతా. నిద్ర వస్తోందని లేవలేదు. అందుకని అమ్మ వెళ్లింది.”

తాబేలు వీపు వంచింది. వాగు నడుమకు వచ్చాక తనే మాట కదిపింది. “ఆ చర్చి రాళ్లన్నీ నేనే దాటించాను పిల్లా. తొలిరాయి మాత్రం నేను మొయ్యలేదు. నేను వచ్చేసరికే అక్కడ ఒకటుంది.”

“ఎవరు పెట్టారు?”

“నన్నడిగితే? నల్లకొండలో అడుగు.”

సలోమికి తికమక ఎక్కువైంది. పాదిరిగారూ కాదు, నాగన్నా కాదు. అందరికంటే ముందు వచ్చినవారెవరు?

అడవి లోపల దారి మూడుగా చీలింది. ఆ కూడలిలో గడ్డం నేలకు జీరాడే ముని ఒకడు కూర్చుని ఉన్నాడు.

“స్వామీ, నల్లకొండకు ఏ దారి?”

“మూడూ వెళ్తాయి. ఉహుఁ, ఏదీ వెళ్లదు. ఆ కొండమీద రక్కసి ఉంది, మనుషుల్ని తింటుంది. తినదేమో! చూసి చాలా ఏళ్లయింది.”

“ఇంతకీ నిజమేది స్వామీ?”

“నిన్న తెలుసు” అని ముని కళ్లు మూసుకున్నాడు.

సలోమికి ఏడుపొచ్చింది. తల వంచుకుని ఏడుస్తుంటే ఎడమ దారిలోని బండరాతి మీద రెండు లోతైన చక్రాల గాళ్లు కనిపించాయి. ఏళ్ల తరబడి రాళ్ల బళ్లు తిరిగితే తప్ప అలాంటివి పడవు. కళ్లు తుడుచుకుని ఆ గాళ్ల వెంటే నడిచింది.

కొండమీద తాటిచెట్టంత రక్కసి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది. సలోమి పారిపోకుండా దగ్గరకు నడిచింది.

“అవ్వా, మా చర్చికి తొలిరాయి పెట్టింది నువ్వేనా?”

“చర్చా? నేను ఏ చర్చీ కట్టలేదే. పో.”

“మరి కట్టకముందే అక్కడ ఒక రాయి ఉందట.”

రక్కసి ముఖం తిప్పుకుంది. “ఊళ్లన్నిటికీ జొరాలొచ్చిన ఏడు నా బిడ్డ పోయింది. పాతిపెట్టుకోను గుంటెడు చోటివ్వమంటే మనుషులు కర్రలెత్తారు. ఒక్క పాదిరయ్యే తన పాక పక్కన తవ్వుకోమన్నాడు. గుర్తుకి ఓ రాయి పెట్టి వచ్చేశాను. మళ్లీ అటు పోలేదు.”

“బిడ్డ పేరేంటి అవ్వా?”

“మిణుగు.”

తిరుగుదారంతా సలోమి మనసు ఒకచోట నిలవలేదు. సమాధిరాయి చర్చికి తొలిరాయి అవుతుందా? కాకపోతే అమ్మ శాశ్వతంగా భూమిలోనే. రాతిపాలెం చేరేసరికి చర్చి ముందు దివాను అడ్డుపడ్డాడు.

“నోరెత్తావంటే చెరసాలే!”

“తలుపుతో కాదండీ, మా అమ్మతో మాట్లాడతాను” అని సలోమి సందు దగ్గర బోర్లా పడుకుంది. “అమ్మా! లోపల మిగతావాటిలా చెక్కని రాయేదైనా ఉందా?”

“ఉందమ్మా” అని లోపలి నుంచి సన్నగా వినిపించింది. “ప్రార్థన బల్ల కింద, నేలలో. గరుగ్గా, చిన్నగా ఉంటది. ఊడిస్తే చీపురుపుల్లలు దానికే చిక్కుకుంటాయి. అక్షరం ముక్కైనా లేదు.”

సలోమి లేచి నిలబడింది. ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. అయినా తలుపు వైపు తిరిగి చెప్పేసింది.

“తొలిరాయి పెట్టింది మిణుగు తల్లి. నల్లకొండ రక్కసి.”

నేల కంపించింది. చర్చి మట్టి దులుపుకుంటూ పైకి లేచింది. తలుపులూ కిటికీలూ తెరుచుకున్నాయి. రూతమ్మ చేతిలో చీపురుతోనే బయటికి వచ్చింది. సలోమి తల్లిని వాటేసుకుని, తాబేలుకు చెప్పిన మాట ఆమెకు చెప్పలేక వెక్కివెక్కి ఏడ్చింది.

రాణి చిత్రాంబ స్వయంగా మేనా పంపినా రక్కసి అందులో పట్టలేదు. నడిచే వచ్చింది. ఒకనాడు కర్రలెత్తిన ఊరే ఆ రోజు దారి ఇచ్చింది. గుమ్మంలో దూరలేక, కిటికీలోంచి చెయ్యి చాపి చిన్నరాయిని వేలికొసతో తడుముకుంది. దాని మీద కొత్తగా చెక్కిన అక్షరాలు వేలికి తగిలాయి.

“ఇదేంటి?” అని అడిగింది.

“మిణుగు పేరు, అవ్వా” అంది సలోమి.

చర్చి చరిత్ర రాసే పని రాణి సలోమికే అప్పగించింది. మొదటి పుటకు ఒక్క రోజు పట్టింది. రెండో రాయి ఎవరిదన్న దగ్గర మాత్రం బిషప్పు గారూ, దివానూ, మేస్త్రీ ఈ రోజుకీ తగువులాడుకుంటూనే ఉన్నారు. అదృష్టం కొద్దీ, ఆ సంగతి తలుపు అడగలేదు.