శోకానికి లేచిన కడలి

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

మంత్రగాళ్లు అర్ధరాత్రే లేస్తారని నమ్మేవాళ్లు ఒకసారి భావనపాడు రావాలి. సూర్యుడు నడినెత్తిన నిలిచిన ఘడియలో మనిషి నీడ కూడా కాళ్లకింద దాక్కుంటుంది. మాంత్రికుడు పోతురాజు చేసే చిల్లంగికి అదే ముహూర్తం. ఆ రోజు మాత్రం సూర్యుడికే భయమేసి మబ్బు చాటుకు పోయాడు. కారుమేఘాలు కడలిని కమ్మేశాయి... ఉరుములు గర్జించాయి... సరుగుడు తోపులో పట్టపగలే గుడ్లగూబ కూసింది!

ఇసుకలో పసుపు కుంకుమలతో గీసిన భీకర మండలం... నడుమ మసిబారిన కపాలం... ఎదుట జుట్టు విరబోసుకుని యమున. ఇంట్లో కట్టేసిన తాళ్లు తెంపుకుని పోతురాజు మంత్రం పిలుపుకు నడిచొచ్చేసింది. వెనక్కి లాగలేక, వదల్లేక, కోడలి భుజాలు పట్టుకుని వేలాడుతోంది తవిటమ్మ.

తవిటమ్మ కొడుకు సోములు చేపల వేటకెళ్లి తుపానులో పోయాడు. తెప్ప దొరికింది, శవం దొరకలేదు. శవం చూడందే కర్మ చెయ్యనంది తవిటమ్మ. కోడలి మెళ్లో పుస్తెలు తియ్యనివ్వలేదు. తానూ కంటతడి పెట్టలేదు. ఏడిస్తే వాడు పోయాడని తనే ఒప్పుకున్నట్టు కాదూ! ఆ మొండితనం వాసన పట్టుకుని వచ్చాడు పోతురాజు. కోడలి ఒంట్లోకి కొడుకుని రప్పిస్తానన్నాడు.

"ఇద్దరు పడతారేటే ఆ పిల్ల ఒంట్లో? నీకు మతి పోనాదేటి?" అని పక్కింటి దానమ్మ దెప్పినా ముసలిది వినలేదు.

రప్పించాడు కూడా! కిందటి అమావాస్యనాడు యమున నోట సోములు గొంతు విని తవిటమ్మ మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్లు? నెల తిరిగేసరికి పిల్ల చేపముల్లులా మిగిలింది. ఒంటి మీద ఉప్పు పేరింది, పెదవులు నీలం తిరిగాయి. కొడుకుని పంపించెయ్యమని కాళ్లు పట్టుకుంటే మాంత్రికుడు నవ్వాడు. ఈ అమావాస్యకు యమున ప్రాణం బలిగా పడితే, సోములు ప్రేతం ఆ కపాలంలో తనకు శాశ్వత దాసుడట!

హ్రీంకారాలు మిన్నంటాయి... కపాలం కళ్లలో నీలిజ్వాల లేచింది... యమున తల వాలింది. ఆమె నోటివెంట సోములు గొంతు సన్నగా వచ్చింది.

"అమ్మా... నాను సచ్చిపోనానే. ఈడు నన్ను ఎల్లనివ్వడం నేదు. నువ్వూ ఎల్లనివ్వడం నేదు."

తవిటమ్మ గుండెలో పిడుగు పడింది. కొడుకుని కట్టిన తాడుకు ఒక కొస ఆ దుర్మార్గుడి చేతిలో ఉంటే, రెండో కొస తన గుప్పిట్లోనే ఉంది.

కోడలి మెళ్లోంచి పుస్తెలు తీసి ఇసుకలో పెట్టింది. గుండెలు బాదుకుంది.

"ఓ నా నాయినో... నా సోములో... సంద్రంల కలిసిపోనావా తండ్రీ..."

"నోరు ముయ్యే ముసిలీ," అన్నాడు పోతురాజు. ఆ గొంతు మొదటిసారి వణికింది.

జాలరిపేటలో ఒక శోకం లేస్తే మిగతా ఆడాళ్లు ఇళ్లలో కూర్చోరు. దానమ్మ పరుగున వచ్చి తవిటమ్మ మెడ చుట్టూ చేతులేసి, తన మొగుణ్ణి తలుచుకుని రాగం ఎత్తుకుంది. ఆ వెనక ఒకామె తండ్రిని, ఇంకొకామె తమ్ముణ్ణి... తరతరాలుగా కడలి మింగినవాళ్ల పేర్లన్నీ ఆ తోపులో మారుమోగాయి.

అంత ప్రేమగా పిలిస్తే ఎవరు రారు? వచ్చారు! అలలు చీల్చుకుని, తడి పాదాలతో... మనుషులు కనబడరు, ఇసుక మీద అడుగులు మాత్రం పడుతున్నాయి. ఒక్క ప్రేతం కోసం గీసిన మండలం అంతమందికి ఏ మూలకు? గీతలు చెరిగాయి... కపాలం వెయ్యి వక్కలైంది! ఆ తడి అడుగుల గుంపు పోతురాజును నడుమ పెట్టుకుని సముద్రంలోకి నడిచిపోయింది. వాడు అరిచే ఉంటాడు. అన్ని ఏడుపుల్లో ఎవరికి వినబడాలి?

"అత్తా," అంది యమున, తన గొంతుతోనే.

తవిటమ్మ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని నీళ్లవైపు చూసింది. అందరికంటే వెనక ఒక జత అడుగులు మెల్లగా, ఆగి ఆగి, అలల అంచుదాకా వెళ్లి నిలబడ్డాయి. పేరు ఆమె పెదవులదాకా వచ్చింది. కానీ సముద్రం మీదికి పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు.

పిలవలేదు.