సొరకాయ సవరణ

"సొరకాయ అని రాసింది నువ్వేనా అప్పా?"

ఫోన్లో ఆడగొంతు. మదనపల్లె బస్టాండు పక్కన గిరిబాబు అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. మార్కెట్ ధరలు రాసేది వేరే రిపోర్టరనీ, తనవి నాటకాలు, పాటలు, కవిత్వమనీ మర్యాదగా చెప్పాడు.

"ఆ పాటల గురించే మాట్లాడతాండా. పుంగనూరులో హరికథ చెప్పిన మునీశ్వరిని. నా కండ్లు సొరకాయ మాదిరి ఉండాయా?"

టీ గ్లాసు అక్కడే పెట్టేశాడు. పక్క అంగట్లో పేపరు లాక్కుని చూశాడు. అతని పేరు కిందే, అందంగా అచ్చయి ఉంది: 'కథ చెబుతున్నప్పుడు ఆమె కళ్ళు మంచుకు తడిసిన సొరకాయలా నిగనిగలాడాయి.'

పాపం, అతను రాసింది 'అనపకాయలో గింజల్లా' అని. చలికాలం వస్తే ఈ సీమలో ఏ ఇంట చూసినా చిక్కుడు జాతి అనపకాయల వాసనే. పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కు ఆయనది గోదావరి వైపు. అనపను ఆనపగా చదువుకున్నాడు; వాళ్ళకు ఆనపకాయంటే సొరకాయ. పాఠకులకు అర్థం కావాలని ఆ మాట మార్చాడు, చోటు చాలక గింజల్ని తీసేశాడు. ఆయన మనసు మంచిదే. కొంప మునిగింది మాత్రం గిరిబాబుది.

అదంతా చెప్పబోతే మునీశ్వరి విన్లేదు. పేరు నీది, సొరకాయ డెస్కుదా అని అడిగి ఫోను పెట్టేసింది.

అసలు సంగతి మనలో మన మాట. వార్త రాసే పని లేకపోయినా గిరిబాబు ఆమె కథలన్నిటికీ వెళ్ళి వెనక వరసలో కూర్చునేవాడు. పేపర్లో పులే గానీ మనిషి ఎదురైతే నోరు పెగలదు. కవి సమ్మేళనాల్లో కూడా తలెత్తకుండా చదివి దిగిపోయే రకం. చెప్పలేని ప్రేమనంతా ఆ ఒక్క వాక్యంలో పెట్టి పంపితే అది కూరగాయై తిరిగొచ్చింది.

డెస్కును బతిమాలి సవరణ వేయించాడు. 'సొరకాయ అన్నచోట ఆనపకాయ అని చదువుకోగలరు.' గింజలు ఈసారీ రాలేదు. ఆమె ఊరు కుప్పం జనానికి నవ్వుకోవడానికి రెండు కాయలు దొరికాయి, అంతే. ఆమె అంగడికి పోతే కూడా వెనక నవ్వులు మొదలయ్యాయి.

చివరికి ఆమె నాన్న దాసప్పే ఫోను చేశాడు. ఆమె కథకు మద్దెల వాయించేది ఆయనే. సొంతూరు కుప్పంలో కథ ఒప్పుకున్నామనీ, నలుగురూ నవ్వుతారని బిడ్డ వేదిక ఎక్కనంటోందనీ చెప్పి, "నువ్వొచ్చి ఒక మాట చెప్పిపోప్పా" అన్నాడు. తన వాక్యం వల్ల ఆ గొంతు ఆగిపోతుందా అనుకునేసరికి గిరిబాబుకు ఏడుపొచ్చినంత పనయింది. వెంటనే బస్సెక్కాడు. పుంగనూరు దాటగానే ముసురు పట్టుకుంది. అడుగడుగునా ఆగే బస్సును తిట్టుకుంటూ, తడిసి ముద్దయి కుప్పం చేరేసరికి కథ మొదలైపోయింది.

నాన్న ఎలా ఒప్పించాడో గానీ మునీశ్వరి వేదిక మీద ఉంది. మనసిచ్చినవాడికి కబురంపే రాజకుమారి కథ. ముందు వరసలో ఎవరో "సొరకాయ" అని గొణిగారు. నవ్వులు పాకాయి. ఆమె చేతిలో చిడతలు ఆగాయి.

ఆమె చూపు వెనక వరసలో తడిసి నిలబడ్డ మనిషి మీద పడింది. చీర కొంగు బిగించి పిట్టకథ అందుకుంది.

"ఆ రాజకుమారి తెలివైంది. కబురు మనిషి నోట పంపింది. పేపరోళ్ళ చేతికిచ్చింటే, 'నన్ను తీసుకుపో' అన్నది 'సొరకాయ తీసుకుపో' అని అచ్చయ్యేది."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈసారి ఆమెతో కలిసి నవ్వారు.

"రాసినాయన ఈడే ఉండాడు. నువ్వు రాసిందేమో నీ నోటితోనే చెప్పప్పా."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. గిరిబాబుకు పారిపోదామనిపించింది. కానీ ఆమె చిడతలు ఇంకా పైకి లేవలేదు.

"మంచుకు తడిసిన అనపకాయలో గింజల మాదిరి ఉండాయని రాసినా," అన్నాడు. "ఆ కండ్ల కోసరమే ప్రతి కథకూ వస్తాండా. వార్త లేకున్నా వస్తాండా."

ఎవరూ నవ్వలేదు. మునీశ్వరి తరువాతి చరణం మరిచిపోయింది. దాసప్ప మద్దెల మీద ఒక దెబ్బ వేసి అందించాడు. ఆ తరువాత ఆమె పాడినంత బాగా ముందెన్నడూ పాడలేదని కుప్పంలో అందరూ ఒప్పుకున్నారు.

మరునాడు పొద్దున దాసప్ప అతణ్ణి ఇంటికి పిలిచాడు. నానబెట్టిన అనపగింజల గిన్నె అతనికీ బిడ్డకూ మధ్య పెట్టి, మా ఇంట్లో తినాలంటే గింజ నొక్కి తొక్కలోంచి పప్పు పితకడం నేర్చుకోవాలని చెప్పి, నవ్వుకుంటూ లోపలికి పోయాడు. అంతకన్నా ఆశీర్వాదం ఏముంటుంది?

గిరిబాబు పితికిన గింజ ఎగిరి ఆమె ఒళ్ళో పడింది.

"అనపగింజ పచ్చగా కదప్పా ఉండేది," అంది మునీశ్వరి తలెత్తకుండా. "నా కండ్లు పచ్చగా ఉండాయా? సూసి చెప్పు."

చూశాడు. చాలాసేపే చూశాడు.

"నల్లగా ఉండాయి."

"అయితే నువ్వు రాసిందీ తప్పే."

తప్పేనని ఒప్పుకుని, సవరణ వేయిస్తానన్నాడు.

ఆమె ఒక గింజ పితికి అతని అరచేతిలో పెట్టింది.

"డెస్కుకు పంపాకు. దినామూ నాకే చెప్పు."